గవ్వ మెడలో దయపట్టీ

ఏడో అంచె లాయం. మొదటి రోజు.

ఈ చిట్టాలో లద్దె లెక్క తప్ప ఇంకేమీ రాయకూడదని, జంతువుల మంచిచెడ్డలు చూసే దయశాఖ వాళ్ళ ఉత్తర్వు. రోజుకి ఎన్నిసార్లు వేసింది, ఏ రంగు, గట్టిదా మెత్తనిదా, అంతే. ఆ లద్దె గ్యాసు తొట్టికి పోతుంది, గ్యాసుతో తీగపెట్టె నడుస్తుంది, అది నడిస్తేనే పద్నాలుగు అంచెల వాళ్ళమూ ఒకరితో ఒకరం మాట్లాడుకోగలం. సరే, రాస్తున్నాను. నిన్న తొమ్మిది, ఇవాళ ఏడు. మిగతా కాగితమంతా ఖాళీగా పడుంది, నాకేమో కడుపు మండుతోంది. ఆ ఖాళీలో నాక్కావలసింది రాసుకుంటాను. ఎవరైనా చదివి అడిగితే అడగనీ.

నా పేరు ఉరుకుందమ్మ. ఈ లాయంలో మేతా నీళ్ళూ మందూ మాకూ అన్నీ నావే, పదకొండేళ్ళుగా. నాతో దస్తగిరి ఉంటాడు. అతను రౌతు, ఆరో అంచె నుంచి ఎనిమిదో అంచె దాకా ఉత్తరాలూ విత్తనాల సంచులూ చేరవెయ్యడం అతని పని. మోసేది మాత్రం గవ్వ. నుదుట గవ్వంత తెల్లమచ్చ ఉన్న ఎర్రటి ఆడగుర్రం. మంచుపెట్టెల్లో దాచిన పిండాలను గాజు తొట్లలో పెంచి తీసిన రెండో విడత పిల్ల. పుట్టిన నాడు సీసాతో పాలు పట్టింది నేనే. అంతకు ముందు అరవై ఏళ్ళు మన నేలమీద గుర్రమన్నదే లేదు, ఇప్పుడున్న గుర్రాలూ మేకలూ అన్నీ అట్లా తిరిగి తెచ్చినవే. మా అమ్మ గుర్రాన్ని బొమ్మల్లో చూసి, అట్లాగే పోయింది.

ఇవాళ గవ్వ మూడు కాళ్ళ మీద వచ్చింది. ఎడమ ముందుకాలు నేలకి ఆనించడం లేదు. డెక్క పట్టుకుంటే నిప్పులా కాలుతోంది, లోపల చీము పట్టింది. తీగ మీద చెప్పిన రెండు గంటలకే దయశాఖ నుంచి వకుళ మేడం సైకిల్ మీద వచ్చింది. ఆమె మంచి మనిషే, ఆ మాట కూడా రాస్తాను. మనుషుల ఆస్పత్రిలో పదిహేనేళ్ళు పనిచేసిన నర్సమ్మ. ఆ శాఖలో అందరూ అట్లా ఆస్పత్రుల నుంచి వచ్చినవాళ్ళే. జంతువులన్నీ పోయాక పుట్టినవాళ్ళకి జంతువైద్యం ఎవరు నేర్పుతారు.

పెట్టె తెరిచి దయపట్టీ తీసింది. మెడకి కట్టే వెడల్పాటి తోలుపట్టీ, ఒక పక్క నల్లమందు సారం నింపిన గొట్టం, లోపలివైపు సూది, పైకి వంగిన కాడ చివర గాజుకన్ను. అది గుర్రం కంటిలోకి చూస్తూ ఉంటుంది.

"ఆపరేషన్ అయిన రోగులకు కట్టేదే ఇది, మెడ కొలత ఒక్కటే మార్చారు" అంది మేడం. "రోగి అటూ ఇటూ కదులుతుంటే బాధ ఉన్నట్టు. కంటిపాప విచ్చుకుంటే బాధ ఉన్నట్టు. కదలకుండా ఉండి, పాప చిన్నదైతే బాధ పోయినట్టు. అప్పటిదాకా పట్టీయే చూసి మందు ఇస్తుంది. మనం చెయ్యి పెట్టక్కర్లేదు."

"మనిషికీ గుర్రానికీ ఒకటేనా మేడం?"

"బాధ ఎవరికైనా బాధే కదా ఉరుకుందమ్మా."

మందు పనిచేసింది, అబద్ధమెందుకు ఆడాలి. టిక్కుమన్న కాసేపటికి గవ్వ కాలు నేలకి ఆనించింది, తల దించి ఉలవలు తింది. మేడం కళ్ళు తుడుచుకుంది. నేను కూడా.

రెండో రోజు.

లద్దె ఆరు. పొద్దున్నే డెక్క చెక్కి చీము వదిలించాను. నల్లగా చిమ్మి నా రవిక మీద పడింది. ఆ కంపు సబ్బుకి పోలేదు, మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దగ్గరికి తెస్తే చేతికే ఆ వాసన. పోనీలే, చీము పోతే నొప్పి పోతుంది. అట్లాగే పోయింది. గవ్వ నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడి నా భుజం నాకింది.

నొప్పి పోయింది కదా, ఇంక పట్టీ మందు ఆపాలి. ఆపలేదు. గవ్వ ఈగల్ని తోలుకోవడానికి తల విదిలించింది, పట్టీ టిక్కుమంది. నీళ్ళ తొట్టి దాకా నడిచింది, మళ్ళీ టిక్కుమంది. పట్టీ మీది చిన్న అద్దంలో అంకె చూస్తే బాధ పదికి నాలుగు అని ఉంది. నాలుగట, నా బొంద. గుర్రం దాహమేసి నడిస్తే అది దీనికి బాధ.

సాయంత్రానికి గవ్వ తిరగడం మొదలుపెట్టింది.

మూడో రోజు.

లద్దె మూడు. చిన్న చిన్న ఉండలు, పొడిగా.

తిరుగుతూనే ఉంది. లాయం గోడ వెంబడి ఒకే దారిన, ఒకే వైపు, గానుగకి కట్టినట్టు. ఒళ్ళంతా చెమట, మెడ కింద నురగ. పిలిస్తే వినదు. మేత చూపిస్తే నోట పెట్టుకుని, నమలడం మరిచిపోయి, అట్లాగే గడ్డి వేలాడేసుకుని ఇంకో చుట్టు. పదకొండేళ్ళలో దీన్ని ఇట్లా చూడలేదు. నా చేతిని గుర్తుపట్టలేదు, అది నాకు తగిలింది.

"నొప్పి ఎక్కువైనట్టుండాది అక్కా" అన్నాడు దస్తగిరి.

"నొప్పి అయితే కుంటల్ల కదప్పా. కాలు చూడు. రవ్వంత కూడా కుంటకుండా తిరుగుతాండాది."

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "అవునక్కా. కాలు బాగుండాది. తలే బాగలేదు" అన్నాడు.

నాలుగో రోజు.

ఇవాళ గోడ మీద సుద్దతో గీతలు గీశాను. పట్టీ టిక్కుమన్నప్పుడల్లా ఒక గీత, గవ్వ తీరు మారినప్పుడల్లా ఒక గీత, పక్కన గడియారం చూసి వేళ. చదువు ఎక్కువ లేకపోయినా వేళ చూడటం వచ్చు.

టిక్కుమన్న పది పన్నెండు నిమిషాలకి నడక మొదలు. నాలుగు గంటలు అదే వరస. ఆ పూట మోతాదు అయిపోయి పట్టీ ఆగిందంటే నడక తగ్గుతుంది, తల దించుతుంది, నన్ను వాసన చూస్తుంది, మేత వైపు చూస్తుంది. అంటే మందు దిగిపోయినట్టు. మా నాయనకి ఆస్పత్రిలో ఇదే మందు ఇస్తే పొద్దంతా రాయిలా పడుకునేవాడు, కళ్ళు చూస్తే పాప ఆవగింజంత. దీనికేమో నాలుగు గంటల్లో దిగిపోతోంది, ఎక్కినంతసేపూ పడుకోబెట్టే బదులు పరిగెత్తిస్తోంది. కన్ను చూశాను. మిట్టమధ్యాహ్నం, ఎండ నేరుగా కంట్లో పడుతోంది, అయినా పాప విచ్చుకుని కన్నంతా నల్లగా నిండి ఉంది. మనిషిలో చిన్నదయ్యేది దీనిలో పెద్దదవుతోంది.

అప్పుడు అర్థమై చేతిలో సుద్ద కింద పడేశాను. మందు ఎక్కితే ఇది నడుస్తుంది, కంటిపాప విచ్చుకుంటుంది. నడిచినా, పాప విచ్చుకున్నా, బాధ అనుకుని పట్టీ ఇంకా మందు ఇస్తుంది. ఇస్తే ఇంకా నడుస్తుంది. ఎక్కడ ఆగాలి ఇది?

మొదటి రోజు బాగా పనిచేసింది కదా అని నన్ను నేనే అడిగాను. ఆ రోజు నొప్పి ఉంది, మందు ఆ నొప్పి మీదికి పోయింది. ఇప్పుడు పోవడానికి నొప్పి లేదు, అందుకని నెత్తికెక్కుతోంది.

తీగ మీద మేడానికి చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "ఇక్కడ పట్టీ నుంచి నాకు వచ్చే పత్రంలో బాధ ఎనిమిది అని వస్తోంది ఉరుకుందమ్మా. ఎనిమిది అంటే చాలా ఎక్కువ. పాపం, ఎంత అల్లాడుతోందో. నేను ఇక్కడి నుంచే మోతాదు పెంచుతున్నాను" అంది.

నా వెనక పట్టీ టిక్కుమంది. తీగ పక్కన పెట్టి బయటికి పోయి ఉమ్మేసి వచ్చాను.

లద్దె ఒకటి.

అయిదో రోజు.

లద్దె లేదు.

ఈ రెండు మాటలు రాయడానికి చెయ్యి రావడం లేదు. గుర్రానికి కక్కడం చేతకాదు. లోపలికి పోయింది వెనకనుంచి రావాలి, లేకపోతే కడుపులోనే కుళ్ళాలి. పొట్టకి చెవి ఆనించి విన్నాను. మామూలుగా అయితే లోపల ఎప్పుడూ గుడగుడమంటూ ఉంటుంది, వర్షం నీళ్ళు తూములో పోతున్నట్టు. ఇవాళ నిశ్శబ్దం. కుడిపక్క విన్నాను, ఎడమపక్క విన్నాను. ఏమీ లేదు. మందు తలకి నాలుగు గంటల్లో దిగిపోతోంది గానీ పేగుల్ని మాత్రం పడుకోబెట్టేసింది, అవి లేవడం లేదు.

మోచేతి పైదాకా శనగనూనె పూసుకుని వెనకనుంచి చెయ్యి పెట్టాను. అందినకాడికి ఉండలు లాగాను. గులకరాళ్ళలా ఉన్నాయి, మీద తెల్లటి జిగురు, పుల్లటి కుళ్ళు వాసన. దస్తగిరి కళ్ళెం పట్టుకున్నాడు, మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. నాకు రోత పుట్టింది ఆ ఉండల మీద కాదు. గవ్వ మెడ మీద ఆ గాజుకన్ను తిరిగి తిరిగి దాని కంట్లోకి తొంగి చూస్తూ అంకెలు వేసుకుంటూ ఉంది చూడండి, దాని మీద పుట్టింది. తొమ్మిది అని చూపించింది. చెయ్యి పెట్టి లాగుతుంటే గుర్రం కదలదా మరి.

మధ్యాహ్నం మేడం వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి ముక్కుకి చేతిరుమాలు పెట్టుకుంది. గవ్వ తిరుగుతుంటే చూసింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గోడ మీద గీతలు చూపించాను, వేళలు చదివి వినిపించాను, కుంటడం లేదని చూపించాను, పొట్టకి చెవి పెట్టి వినమన్నాను.

"నాకు గుర్రాలంటే భయం" అంది.

"పోనీ ఒక్కరోజు పట్టీ తియ్యండి మేడం. ఒక్క రోజు. మళ్ళీ మీ చేత్తోనే కట్టండి."

"బాధ తొమ్మిది ఉన్న ప్రాణికి మందు ఆపెయ్యమంటారా? అది దయ శాసనం ప్రకారం క్రూరత్వం. మన తాతలు జంతువుల్ని ఏం చేశారో తెలిసి కూడా ఆ మాట ఎలా అంటారు? పట్టీ తీసినవాళ్ళకి ఏ శిక్షో తెలుసు కదా."

తెలుసు. పశుస్పర్శ నిషేధం. బతికినన్నాళ్ళూ ఏ జంతువునీ ముట్టుకోకూడదు, లాయానికి వంద గజాల లోపలికి రాకూడదు. నాకు ఇంకేం ఉంది ముట్టుకోవడానికి.

ఆమె పోతూ పోతూ గొట్టంలో కొత్తగా మందు నింపింది. గుర్రాన్ని చూసి ఏడుస్తూ నింపింది. తిట్టే మనిషైతే తిరిగి తిట్టొచ్చు, కొట్టే మనిషైతే చెయ్యి పట్టుకోవచ్చు. జాలిపడుతూ చంపేవాళ్ళని ఏం చెయ్యాలి? వీళ్ళ దయ మండిపోను.

ఆరో రోజు.

తీసేశాను.

పట్టీకి ఒంటి వెచ్చదనం, నాడి తగలాలి. తగలకపోతే దయశాఖలో గంట మోగుతుంది. అందుకని ముందు నా చెయ్యి పట్టీకీ మెడకీ మధ్య దూర్చి, నా మణికట్టు దానికి ఆనించి, అప్పుడు బకిలు విప్పాను. సూది గవ్వ మెడలోంచి ఊడదీసి పాతగుడ్డల మూటలోకి గుచ్చాను. పట్టీ తెచ్చి నా ఛాతీకి అడ్డంగా కట్టుకున్నాను, కాడ పైకి వంచితే గాజుకన్ను నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. దస్తగిరి గుమ్మం దగ్గర కాపలా నిలబడ్డాడు.

"నీకు పిచ్చి గానీ పట్టిందా అక్కా?" అన్నాడు.

"పట్టింది. గవ్వకి గోరువెచ్చని ఉప్పునీళ్ళు పెట్టు, తవుడు బాగా నానబెట్టి జావలా చేసి పెట్టు. మందు దిగినాక మెల్లగా చేత్తో పట్టుకుని నడిపించు. నేను లేచేదానికి లేదు, లేస్తే ఇది బాధ అంటాది."

పొద్దున్నుంచీ గడ్డిమోపు మీద కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి ఇంతసేపు ఊరికే కూర్చున్నది లేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి, నడుము పట్టేసింది, గుండెల్లో దడ. గాజుకన్ను నా కంట్లోకి చూసి చూసి అద్దంలో సున్నా వేసింది. బాధ సున్నాట. ఒకసారి తట్టుకోలేక లేచి గవ్వ దగ్గరికి పోతే టిక్కుమని మూటలోకి మందు కక్కింది. ఆ చేదు వాసన ముక్కుకి తగిలింది. ఇదేనా ఈ నోరులేనిదాని నరాల్లో అయిదు రోజులుగా ఎక్కించింది అనిపించింది.

మధ్యాహ్నానికి గవ్వ నడక ఆగింది. నిలబడి ఒళ్ళు విదిలించుకుంది. కన్ను చూడమంటే దస్తగిరి చూసి, "పాప సన్నగా, అడ్డంగా వచ్చినాది అక్కా, మామూలుగా" అన్నాడు. తర్వాత నీళ్ళు తాగింది. చాలా తాగింది.

పొద్దు వాలే వేళకి దస్తగిరి పొట్టకి చెవి ఆనించి చెయ్యెత్తాడు. మాట్లాడవద్దన్నట్టు. అంతసేపు వినడానికి ఏముంది అని నేను చచ్చిపోతున్నాను. చివరికి నవ్వాడు. "ఒకసారి. ఒకసారి గుడగుడమనింది."

ఏడో రోజు.

లద్దె రెండు. మొదటిది జిగురుతో, పచ్చి కంపుతో, రెండోది కొంచెం మనిషి చూడగలిగేట్టు. ఆ కంపు పీల్చుకుంటూ నేనూ దస్తగిరీ పెళ్ళిలో పన్నీరు చల్లించుకున్నవాళ్ళలా నిలబడ్డాం. గవ్వ బతుకుతుంది.

మధ్యాహ్నం వారానికోసారి జరిగే తీగ మాటలు. పద్నాలుగు అంచెల వాళ్ళూ ఒకేసారి వింటారు, మేడం మాట్లాడుతుంది. నేను గడ్డిమోపు మీదే, పట్టీ కట్టుకునే విన్నాను.

"ఏడో అంచెలో తొమ్మిది ఉన్న బాధ నిన్నటి నుంచి పూర్తిగా సున్నాకి వచ్చింది" అంది మేడం, గొంతులో నిజమైన సంతోషం. "ఉరుకుందమ్మ మందు ఆపమన్నారు. నేను ఆపలేదు, పెంచాను. ఓపిక పట్టి పెంచుకుంటూ పోతే ప్రశాంతత వస్తుందని రుజువైంది."

నేను ఛాతీ మీద బకిలు ఇంకాస్త బిగించుకున్నాను.

అప్పుడు పదకొండో అంచె సుంకన్న అందుకున్నాడు. అతన్ని రెండేళ్ళకోసారి చూస్తాను. నెమ్మదైన మనిషి, ఏ ఉత్తర్వు వచ్చినా అక్షరం తప్పకుండా పాటిస్తాడు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు, దివిటీ అని ఒక మగగుర్రం, అదే అతని సంసారం.

"ఉరుకుందక్కా, మా దివిటీకి మోకాలు వాచిందని పట్టీ కట్టినారు. మూడు రోజుల నుంచి తిరగతానే ఉండాడు. లద్దె గూడా తగ్గింది. మీ గవ్వ ఎట్ల నిలబడిందక్కా? నువ్వేం జేసినావు?"

తీగ మీద మేడం వింటోంది. శాఖలో ఇంకెందరు వింటున్నారో. నా ఛాతీ మీద గాజుకన్ను. ఎదురుగా గవ్వ, తవుడు నములుతోంది.

"ఏం చేయలేదు సుంకన్నా" అన్నాను. "పట్టీయే అంతా చూసుకుంది. నమ్మకం పెట్టు."

"అట్లనే అక్కా" అన్నాడు. ఆ గొంతులో ఎంత నిశ్చింతో.

తొమ్మిదో రోజు.

లద్దె ఎనిమిది. ఆ లెక్క రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా ఉంది.

దివిటీ నిన్న చచ్చిపోయింది. పన్నెండో అంచె రౌతు చూసి చెప్పిన కబురు అంచెలు మారి దస్తగిరికి అందింది. మేడం గవ్వకి పెంచినట్టే దివిటీకి పెంచిందట, అదే లెక్క, అదే వరస. మొన్నంతా గోడ వెంబడి తిరిగి, గిట్టలు అరిగి నెత్తురు వచ్చిందట. నిన్న పొద్దున్న పొట్ట ఉబ్బి కింద పడి, దొర్లి, పొట్టని తనే తన్నుకుందట. సుంకన్న పట్టీ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని, "అయిపోతాది సామీ, నిలబడతావు, గవ్వ నిలబడింది" అని దాని మెడ నిమురుతూ ఉన్నాడట. చచ్చిన తర్వాత పట్టీ అద్దంలో బాధ సున్నా అని వచ్చిందట. ఆ మాట చెప్పేటప్పుడు దస్తగిరి నా వైపు చూడలేదు.

చెరువు గట్టున తుమ్మచెట్టు కింద కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నాకు కక్కడం చేతనవును.

సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. దివిటీకి మందు ఆలస్యంగా పెంచడం వల్ల నష్టం జరిగిందట. ఇకపై ఏ అంచెలోనైనా పట్టీ కట్టిన మొదటి రోజు నుంచే మూడింతల మోతాదు. కుంటే గుర్రాలకే కాదు, ముందు జాగ్రత్తగా ప్రతి గుర్రానికీ పట్టీ. ఎల్లుండి నుంచి అమలు. పై వరసలో దానికో పేరు కూడా పెట్టారు. "ఏడో అంచె పద్ధతి" అట.

దస్తగిరి ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. "ఇప్పుడేం జేస్తావక్కా?"

"చెప్తా."

"చెప్తే నిన్ను గవ్వ దగ్గరికి రానీరు."

"తెల్సు."

"ఇంకేదైనా దోవ ఉంటాదేమో చూడు" అన్నాడు. వెతకాల్సింది రెండు రోజుల కిందట. అప్పుడు నేను వెతకలేదు, నా గుర్రం నాకు దక్కిందని కూర్చున్నాను.

పదో రోజు.

పొద్దున గవ్వని కడిగాను. జూలు దువ్వాను, నాలుగు గిట్టలూ శుభ్రం చేశాను, చెవుల వెనక గోకాను. నా భుజం మీద తల పెట్టింది, బరువుగా. చాలాసేపు అట్లాగే నిలబడ్డాను. పట్టీ నా ఛాతీ మీద టిక్కుటిక్కుమంటూ మూటలోకి మందు పోస్తూనే ఉంది. బాధ ఏడు అని చూపించింది, మొదటిసారి సరిగ్గా చెప్పింది.

తర్వాత తీగపెట్టె దగ్గరికి పోయి అందరినీ పిలిచే మీట నొక్కాను. వారం మధ్యలో ఎవరూ నొక్కరు, నిప్పు అంటుకుంటేనో మనిషి పోతేనో నొక్కుతారు. అందరూ వచ్చారు. మేడం కూడా వచ్చింది.

"నేను ఏడో అంచె ఉరుకుందమ్మను. గవ్వ మెడలో పట్టీ, కట్టిన ఆరో రోజునే తీసేసినాను. మీకు కనబడిన సున్నా గవ్వది కాదు, నాది. నా ఛాతీకి కట్టుకుని కూర్చున్నా. నల్లమందు గుర్రాన్ని పడుకోబెట్టదు, తిప్పుతాది. పేగుల్ని కట్టేస్తాది. నిజంగా నొప్పి ఉన్నప్పుడు కొంచెం ఇస్తే మేలు చేస్తాది, నొప్పి పోయినాక ఇస్తే చంపుతాది. పట్టీకి ఆ తేడా తెల్దు. పట్టీలు తీసేయండి. శిక్ష ఏదున్నా నాకు వేయండి, మేడం."

మేడం ఊపిరి వినపడింది. "ఉరుకుందమ్మా, మీరు... ఆ పత్రమంతా..." అని ఆగిపోయింది.

తీగ గరగరమంటోంది. నన్ను తిడతారనుకున్నాను. చివరికి మూడో అంచె పెద్దాయన నాగిరెడ్డి గొంతు సవరించుకున్నాడు.

"నేనూ తీసేసినా" అన్నాడు. "రెండు నెలలైంది. మా మేకకు కట్టినా. అది గడ్డి నెమరేసుకుంటా పండుకుంటాది."

తర్వాత తొమ్మిదో అంచె. "నేను నడుముకు కట్టుకుంటా. వంట చేసేటప్పుడు మా అత్తకు కడతా."

తర్వాత అయిదు. తర్వాత పద్నాలుగు. పన్నెండో అంచె వాళ్ళు గుమ్మంలో కూర్చునే ముసలమ్మకి కట్టారట, ఆమె కదిలితే మందు గోనెసంచిలోకి పోయేట్టు. ఒక్కొక్కరూ చెప్తుంటే వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టాను, నేను కాక. ఎనిమిది మంది. శాఖ వాళ్ళు గొప్పగా చెప్పుకునే సున్నాలన్నీ ఒక మేకవీ, ఒక అత్తవీ, ఒక ముసలమ్మవీ, మావీ. నాతో కలిపి తొమ్మిది మందికీ తెలుసు. తొమ్మిది మందీ వారం వారం ఇదే తీగ మీద కూర్చుని, మేడం మెచ్చుకుంటుంటే ఊఁ కొట్టి, ఎవరి గుర్రాన్ని వాళ్ళం దక్కించుకుని, నోరు మూసుకున్నాం. నోరు మూసుకున్నది నేను ఒక్కదాన్నే అనుకున్నాను, కాదు. అందరమూ కలిసి ఒకే పని చేశాం, ఒకరికి తెలియకుండా ఒకరం. ఛీ.

పట్టీని అక్షరం తప్పకుండా కట్టి ఉంచినవాళ్ళు నలుగురు. నాలుగు అంచెల్లోనూ లాయాలు ఇప్పుడు ఖాళీ. దివిటీకి ముందు పోయిన మూడూ జబ్బుతో పోయాయనే అనుకున్నాం. మిగిలిన ఒక అంచెకి ఇంకా గుర్రమే రాలేదు.

"సుంకన్నా" అన్నాను. "ఉండావా?"

"ఉండా అక్కా."

నేను ఏదో చెప్పబోయాను. అతనే అడిగాడు, మెల్లగా, కోపం లేకుండా.

"ఆ రోజు నేను అడిగినా కదక్కా. ఏం జేసినావని."

"మేడం వింటాండె సుంకన్నా."

"వింటే?"

"నన్ను గవ్వ దగ్గరికి రానీరు."

తీగ గరగరమంది. సుంకన్న తీగ పెట్టేశాడేమో అనుకున్నాను. పెట్టలేదు.

"గవ్వ బాగుండాదా అక్కా ఇప్పుడు?" అని అడిగాడు.

"బాగుండాది" అన్నాను.